థార్ ఎడారిలో ఒక రాత్రి

ఎడారికి పోయి నీళ్ళలో మునగబోయామని చెబితే విన్నవారు నవ్వుతారు. ఆ సంగతి ఇంకొకరు చెప్పివుంటే నేనూ నవ్వేవాడినే.

2019 జూన్ చివర నేనూ, ఇద్దరు మిత్రులూ జైసల్మేరు వెళ్ళాం. ఎడారి చూడవలసిన నెల అది కాదని అందరూ చెప్పారు. నాకు ఆ నెలే కావలసివచ్చింది. ఇరవై యేండ్ల క్రితం ఒక హిందీ నవలను తెనిగిస్తూ, 'ఆంధీ' అని ఉన్నచోటనల్లా 'గాలివాన' అని వ్రాసినవాడిని. ఎవరూ తప్పుపట్టలేదు. అది చుక్క నీరులేని దుమ్ముగాలి అని తెలిసిన తరువాత మాత్రం ఆ మాట నన్ను ముల్లులాగా పొడుస్తూనే ఉన్నది. కళ్ళతో ఒకసారి చూడాలనుకొన్నాను.

పట్టణానికి పడమట నలభై కిలోమీటర్లలో ఉన్న సమ్ తిన్నెల దగ్గర యాత్రికుల గుడారాలు, పాటలు, విద్యుద్దీపాలు. అవి మాకు రుచించలేదు. జీపును బాట విడిపించి, చక్రాలలో గాలి కొంత తీయించి, దక్షిణంగా ఇసుకలో పోయాము. సాయంకాలానికి ఒక చక్కని స్థలం దొరికింది. ఒక ప్రక్క రాతి మెట్ట, ఒక ప్రక్క ఇసుక తిన్నె, నడుమ అరచేతిలాంటి గట్టి నేల. పల్లానికి అడ్డంగా పొడుగాటి మట్టికట్ట. అక్కడక్కడ ఖేజ్డీ చెట్లు. అవి మన జమ్మిచెట్లే. దసరాకు మనం మొక్కే చెట్టు అంత దూరాన కనబడేసరికి ప్రాణం లేచివచ్చింది.

"ఇక్కడ వద్దు బాబూజీ, ఇది ఖడీన్" అన్నాడు డ్రైవరు.

ఆ మాట నేను ఎరుగను. ఎరుగనని ఒప్పుకొనడానికి నోరు రాలేదు. ఎవరిదో పొలం కాబోలు, అడుగుతారని భయపడుతున్నాడనుకొన్నాను. జూన్‌లో ఎండిన పొలానికి ఎవరు అడ్డు చెబుతారు? అతడు మరొకసారి అన్నాడు. తరువాత ఊరకున్నాడు. కూలి పుచ్చుకొన్న మనిషి అంతకంటె ఏమంటాడు?

రాత్రి వేళ గాలి పూర్తిగా స్తంభించింది. పడమట మెరుపులు, ఉరుము మాత్రం వినబడదు. ఇంతలో ఆ దిక్కున నక్షత్రాలు క్రిందినుంచి పైకి ఒక్కొక్కటే ఆరిపోసాగాయి. మేఘంలో చల్లబడిన గాలి బరువెక్కి నేలకు దూకి, నలుప్రక్కలా పారుతూ దుమ్మును గోడలాగా లేపుతుందని చదివాను. చదివినది వేరు. చల్లగా ఒక తెర తగిలింది, హాయి అనిపించింది, మరుక్షణంలో గుడారం లేదు. నోటిలో, చెవులలో, కళ్ళలో ఇసుక. ప్రక్కన ఉన్న మిత్రుని కేక ఎక్కడినుంచో వినవచ్చింది.

అటుపిమ్మట వాన పడ్డది. మొదటి చినుకులు బురద చినుకులు. నా పాత తప్పు అనువాదం ఆ రాత్రి నిజం కాబోతున్నదని నవ్వు కూడా వచ్చింది. దుమ్ము అణగిందని మేమంతా సంతోషిస్తుంటే డ్రైవరు ఒక్కడే, "లే! తిన్నె ఎక్కు!" అని అరిచాడు. 'బాబూజీ' లేదు, 'మీరు' లేదు. మోకాళ్ళ నొప్పులున్న మిత్రుణ్ణి వీపున వేసుకొన్నాడు. నేను సంచీకోసం వెనుదిరిగితే చేయి పట్టి ఈడ్చాడు. రాతి మెట్టమీదినుంచి నీరు చప్పుడు లేకుండా వచ్చింది. తిన్నె చేరేసరికి మోకాలి లోతు.

తెల్లవారి చూస్తే, మేము పడుకొన్నచోట చెరువు. జమ్మిచెట్లు నీళ్ళలో నిలిచివున్నాయి. జీపు చక్రాలు మునిగాయి. కట్టమీద ఊరివాళ్ళు పరుగెత్తి వస్తున్నారు. మమ్మల్ని ఆదుకొనడానికే అనుకొన్నాను. వారు మావంకైనా చూడలేదు, నీళ్ళను చూస్తున్నారు. మెట్టమీద పడ్డ వాననంతా కట్టవేసి నిలిపి, అది ఇంకిన తరువాత ఆ తడిమీదనే శీతకాలంలో గోధుమ, శనగ పండించే పొలమే ఖడీన్. పూర్వం పాలీవాల్ బ్రాహ్మణులు ఈ ప్రాంతంలో ఇటువంటివి ఎన్నో నిర్మించారు. ఒక ముసలాయన వంగి, దోసిలితో ఆ బురదనీరు తీసి కళ్ళకద్దుకొన్నాడు. మా గుడారమూ, నా వ్రాతపుస్తకమూ ఆ నీటి అడుగున ఎక్కడో ఉన్నాయి.

ఎడారి వాన అందరికీ ఇట్లా పండుగ కాదు. 2006 ఆగస్టులో బాడ్మేరు జిల్లా కవాస్ గ్రామం మునిగినప్పుడు, అడుగున ఉన్న జిప్సం పొర ఇంకనీయక, నీరు వారాల తరబడి నిలిచిపోయింది. ప్రాణాలెన్నో పోయాయి. అటువంటి పొరే మరొకచోట, సన్నని బావులలో తియ్యని నీటిని నిలుపుతుందని అనుపమ్ మిశ్ర 1995లో వెలువడిన తమ పుస్తకంలో వివరించారు.

జీపును ఊరివాళ్ళే లాగారు. ఇంజను ఆరేదాకా కట్టమీద కూర్చొన్నాము. గట్టిగా మూడోసారి ఎందుకు చెప్పలేదని డ్రైవరును అడిగాను.

"రెండుసార్లు చెప్పాను గదా, బాబూజీ. మీకు హిందీ వచ్చుననుకొన్నాను" అన్నాడు.