కుందేలు పోయి టియానా వచ్చింది

మా చెల్లెవాళ్ళు ఉండేది అమెరికాలో, ఫ్లోరిడాలో. వాళ్ళింట్లో తండ్రీబిడ్డల మధ్య ఏడాదిగా ఒక పంచాయితీ నడుస్తోంది. ఆస్తి గురించి కాదు, చదువు గురించి కాదు. డిస్నీ పార్కులో ఒక రైడ్ గురించి. నవ్వకండి. ఆ పంచాయితీ మొన్న ఎండాకాలం రుద్రంగిలో మా ఇంటిదాకా వచ్చింది. వచ్చి, మా ఇంట్లో ఎన్నో ఏండ్లుగా చెప్పుకునే ఒక ముచ్చటను మార్చిపోయింది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ రైడ్ సంగతి చెప్తాను. వేములవాడ జాతరలో రంగులరాట్నం ఎక్కినవాళ్ళకు పైనుంచి కిందికొచ్చేటప్పుడు కడుపులో ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. డిస్నీవాళ్ళది అదే భయం, కానీ దానికో కథ జోడిస్తారు. స్ప్లాష్ మౌంటెన్ అని ఒకటి ఉండేది. చెట్టు దుంగలాంటి పడవలో కూర్చోబెడితే నీళ్ళ కాలువ మీద కొండ లోపలికి తీసుకుపోయేది. లోపల ఆడేవి, పాడేవి బొమ్మలు. ఒక తెలివైన కుందేలు, దాని వెంటపడే నక్క, ఎలుగుబంటి. చివరికి నక్కకు చిక్కిన కుందేలు, ‘ఏమన్నా చెయ్యి గానీ ముండ్లపొదలో మాత్రం వెయ్యకు’ అని బతిమాలుతుంది. నక్క సరిగ్గా అందులోనే వేస్తుంది. మన పడవ కూడా అప్పుడే దాదాపు 50 అడుగుల ఎత్తు నుంచి జర్రున జారి నీళ్ళలో పడుతుంది. కుందేలు పుట్టి పెరిగిందే ముండ్లపొదలో కాబట్టి నవ్వుకుంటూ బయటపడుతుంది. ఈ రైడ్ 1989లో కాలిఫోర్నియాలో, 1992లో ఫ్లోరిడాలో, టోక్యోలో మొదలైంది.

పెండ్లయి కొత్తగా పోయినప్పుడు మా మరిది మా చెల్లెను మొట్టమొదట ఎక్కించిన రైడ్ అదే. పడవ జారేచోట కెమెరా ఫొటో తీస్తుంది. అందులో మా చెల్లె కండ్లు గట్టిగా మూసుకొని ‘ఓ రాజన్నా’ అని అరుస్తోంది. పక్కన మరిది ఆమె చెయ్యి పట్టుకొని నవ్వుతున్నాడు. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ళ ఫ్రిజ్ మీద ఉంది. బిడ్డ కొంచెం పెద్దయ్యాక ముగ్గురం అట్లనే దిగాలి అనుకున్నాడట. ఆ రైడ్‌కు పిల్లలు 40 అంగుళాల ఎత్తు ఉండాలి. బిడ్డను తీసుకపోయిననాడు కొద్దిలో తక్కువైంది. మళ్ళీ పోయేలోపు 2023 జనవరిలో రైడ్ మూతపడింది.

ఎందుకు మూసేశారంటే, ఆ కుందేలు కథ 1946లో వచ్చిన ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ అనే సినిమాలోది. ఒక నల్లజాతి ముసలాయన తోటలో తెల్లవాళ్ళ పిల్లవాడికి కథలు చెప్తుంటాడు. బానిసత్వం పోయిన కొత్తల్లో నల్లవాళ్ళ బతుకు అక్కడ ఎంత గోసగా ఉండేదో మనకు తెలియంది కాదు. సినిమాలో మాత్రం అందరూ పాడుకుంటూ సంతోషంగా ఉన్నట్టు చూపించారు. వచ్చిననాడే నల్లజాతి సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆ ముసలాయన వేషం వేసిన జేమ్స్ బాస్కెట్ అనే నటుడు అట్లాంటాలో జరిగిన మొదటి ఆటకే పోలేకపోయాడు. తెల్లవాళ్ళతో పాటు కూర్చోనివ్వని ఊరది. అమెరికాలో ఈ సినిమా క్యాసెట్‌గా గానీ డీవీడీగా గానీ ఎప్పుడూ అమ్మకానికి రాలేదు.

2020లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక దేశమంతా గొడవలవుతున్నప్పుడు, ఈ రైడ్ మార్చాలని కొందరు, మార్చొద్దని కొందరు వేలాదిగా సంతకాలు పెట్టారు. ఆ జూన్‌లోనే డిస్నీ మారుస్తున్నామని ప్రకటించింది. ఈ ఆలోచన ముందేడాది నుంచే ఉందని కూడా చెప్పింది. ఇక అభిమానుల బాధ చూడాలి. మూసే రోజుల్లో గంటల తరబడి లైన్లలో నిలబడ్డారు. ఆ రైడ్‌లోని నీళ్ళేనంటూ సీసాల్లో నింపి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ‘ధర్మగుండం తీర్థం లెక్క ఉన్నది అక్కా’ అని మా చెల్లె నవ్వింది. మరిది నవ్వలేదు.

2024 జూన్‌లో అదే కొండ, అదే కాలువ, అదే జారుడుతో ‘టియానాస్ బాయూ అడ్వెంచర్’ మొదలైంది. టియానా డిస్నీ సినిమాల్లో మొదటి నల్లజాతి రాకుమారి. న్యూ ఓర్లీన్స్‌లో హోటల్లో వడ్డన చేస్తూ, రూపాయి రూపాయి కూడబెట్టి సొంత హోటల్ పెట్టుకునే పిల్ల. అదే ఊళ్ళో దశాబ్దాలపాటు వంటిల్లు నడిపిన లియా చేజ్ అనే ఆమె ఆ పాత్రకు స్ఫూర్తి. 96 ఏండ్లు బతికి 2019లో పోయింది. వండి పెట్టే ఆడవాళ్ళను పిల్లల బొమ్మల్లో గొప్పగా చూపించడం ఎంత అరుదో మనకు తెలుసు కాబట్టి ఈ ముక్క రాస్తున్నాను.

మా చెల్లె బిడ్డది చామనఛాయ కూడా కాదు, నా రంగు. మంచి నలుపు. ఆ పిల్లకు టియానా అంటే ప్రాణం. ‘కుందేలు రైడే మంచిది’ అని తండ్రి అంటే, ‘నువ్వు ముసలోనివి డాడీ’ అంటుంది.

మరిది మాటలో న్యాయం లేదని నేను అనను. ‘రైడ్‌లో ఆ ముసలాయన లేనే లేడు వదినా, ఉన్నది కుందేలు, నక్క. అవి ఎవర్ని ఏమన్నయి? కొత్తదాంట్ల నక్క లేదు, భయం లేదు. పడవ ఎందుకు కింద పడుతదో కూడ తెల్వది’ అంటాడు. అది నిజమే, కొత్త కథలో దుర్మార్గుడెవడూ లేడు. కానీ పాతదీ ఎట్లున్నది అట్లనే లేదు. అసలు కథలో కుందేలు అంటుకుపోయేది తారుతో చేసిన నల్లబొమ్మకు. రైడ్ కట్టినప్పుడే దాన్ని తీసేసి తేనెపట్టు పెట్టారు. కాలిఫోర్నియాలో బొమ్మలు చాలావరకు అంతకుముందు మూసేసిన ఇంకో ఆట నుంచి తెచ్చి పెట్టినవే.

నాకు ఇంకో మాట ఎక్కువ పట్టుకుంది. ఆ కుందేలు కథలు మొదట బానిసలుగా ఉన్న ఆఫ్రికావాళ్ళవి. బలంలేనోడు బలమున్నోడి మీద తెలివితో ఎట్లా గెలుస్తాడో రాత్రిపూట తమ పిల్లలకు చెప్పుకున్నవి. మన పంచతంత్రంలో సింహాన్ని బావిలోకి దూకించిన కుందేలు లాంటిదే. వాళ్ళ గోసలోంచి పుట్టిన ముచ్చట చేతులు మారి, అందరూ నవ్వుకునే ఆటయింది.

ఇక మా ఇంటి సంగతి. మే నెలలో చెల్లెవాళ్ళు వచ్చారు. అమ్మ కూడా మా ఇంటికి వచ్చింది. తొక్కు పెట్టడానికి అందరం కూర్చొని మామిడికాయలు కోస్తున్నాం. చెల్లె బిడ్డ నా పక్కన చేరి టెంకల లోపలి జీడి ఏరేస్తోంది. మా ఇద్దరినీ చూసి అమ్మ తన పాత ముచ్చట అందుకుంది. ‘అంతా పెద్దమ్మ రంగే వచ్చింది దీనికి. ఇది పుట్టిననాడు మా అత్త ఏమన్నదో ఎరికేనా? కొడుకా, ఈ పిల్లకు ఇంకో ఎకరం ఎక్కువ తీసిపెట్టు అన్నది!’

ఈ ముచ్చట మా ఇంట్లో ప్రతి పెండ్లిలో, ప్రతి పురుడులో చెప్తారు. అందరూ పడిపడి నవ్వుతారు. నవ్వు మొదలవ్వగానే నాకు వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది. ఆరోజు కూడా నవ్వారు. పిల్ల మాత్రం తలెత్తి అడిగింది, ‘ఎకరం ఎందుకు పెద్దమ్మా?’

ఎవరూ మాట్లాడలేదు. చెల్లె కత్తి కింద పెట్టింది. అప్పుడు నేను మిగతా సగం చెప్పాను. నవ్వు ముందే వచ్చేస్తుంది కాబట్టి ఈ ముచ్చట ఎన్నడూ అక్కడిదాకా పోలేదు.

మా బాపమ్మదీ మా రంగే. ఆమె పెండ్లి కుదిరాక, పిల్ల నలుపని మొగపెండ్లివాళ్ళు ఇంకో ఎకరం అడిగారు. వాళ్ళ నాయన చెరువు కింది మడి రాసిచ్చాడు. ఆ ఏడు నుంచి బాపమ్మ పుట్టింటివాళ్ళు గింజలు కొనుక్కొని తిన్నారు. నన్ను మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఆ మడి యాదికొచ్చి ఆ మాట అన్నదట. అంటూ ఏడ్చిందట. నా తలకు నూనె రాసుకుంటూ ఆమే చెప్పింది.

పిల్ల కాసేపు ఆలోచించింది. ‘మరి ఆ ఎకరం ఇప్పుడు ఎవరి దగ్గరున్నది?’

మా నాయన దగ్గరే ఉంది. మేమంతా తిని పెరిగింది ఆ మడిలో పండిన బియ్యమే.

అమ్మకు కోపం వచ్చింది. ‘నవ్వుకునే ముచ్చటను ఏడుపు ముచ్చట చేసినవ్’ అంది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అత్త మీద కోడలికి దొరికిన ఒక్క జోకు అది, నలభై ఏండ్లుగా ఆమెది. దాన్ని గుంజుకున్నట్టే అయింది. అమ్మ బాధ నాకు అర్థమైంది. ఫ్రిజ్ మీద ఫొటో చూసుకునే మరిది బాధ కూడా అప్పుడే ఇంకొంచెం అర్థమైంది. ఆయన ఏడ్చేది కుందేలు కోసం కాదు. చెయ్యి పట్టుకొని కూర్చున్న ఆరోజు కోసం. ఆ రోజును ఎవరూ మార్చలేరు, ఫొటో ఉండనీ. కానీ ఏడేండ్ల పిల్ల పడవలో కూర్చొని చుట్టూ చూసినప్పుడు తనలాంటి మొఖం కనబడాలి కదా. టోక్యోలో కుందేలు రైడ్ ఇంకా నడుస్తోందట. ‘టికెట్ కొనుక్కొని పో’ అన్నాను మరిదితో. ఈసారి నవ్వాడు.

దసరా తర్వాత మా చుట్టాలింట్లో పెండ్లయింది. వంటలకాడ ఎవరో అమ్మను ‘ఆ ఎకరం ముచ్చట చెప్పు’ అని అడిగారు. అమ్మ మొదలుపెట్టింది. అందరూ నవ్వారు. నేను లేవలేదు. అమ్మ నావైపు ఒకసారి చూసి, ‘ఆగుండ్రి, ఇంకా అయిపోలే’ అని మిగతాది తనే చెప్పింది. ఎకరాన్ని రెండెకరాలు చేసింది. నేను సరిచెయ్యలేదు.