సున్నా శాతం

నా పర్యవేక్షణలో తయారైన ఒక పిహెచ్‌.డి. సిద్ధాంత గ్రంథానికి నకళ్లు పట్టే సారూప్య పరీక్షలో సున్నా శాతం వచ్చింది. సంతోషించి సంతకం పెట్టాను. ప్రబంధాల మీద రాసిన గ్రంథం అది, పుటపుటకూ పద్యాలే. అన్నీ ఎప్పుడో అచ్చయినవే. అందులో ఒక్కటీ దేనితోనూ కలవలేదంటే యంత్రం మా గ్రంథాన్ని చదవలేదని నాకు తట్టాలి. తట్టలేదు.

గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయి పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూపించింది. "సార్, ఇందులో తెలుగే లేదండీ" అంది. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, అర్థంలేని గుర్తులు.

గ్రంథాన్ని డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో కొట్టించారు. అచ్చుపనికి వాడే పాత ఫాంట్లు తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుకున్నవి. కాగితం మీద ఒత్తులతో సహా చక్కగా పడతాయి. ఫైల్లో ఉండేది మాత్రం ఆ ఇంగ్లీషు అక్షరాలే. అన్ని లిపులకూ ఉమ్మడి సంకేత ప్రమాణమైన యూనికోడ్‌లోనైతే తెలుగుకు సొంత స్థానాలు 1991 నుంచీ ఉన్నాయి. డీటీపీ వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లను అడిగింది అందమైన పుటలు, అవి ఇచ్చారు. ఫైలు ఎక్కడికి వెళుతుందో తెలిసినవాణ్ణి నేను.

కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాం. అరసున్నలు పోయాయి, ఒత్తులు చెదిరాయి, గ్రంథసూచిలోని ఇంగ్లీషు పుస్తకాల పేర్లు కూడా అర్థంలేని తెలుగైపోయాయి. అక్షరం అక్షరం దిద్దుకున్నాక మళ్లీ పరీక్షకు పంపితే పోలిక పరిమితి దాటింది. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి. మూలం చెప్పి ఉదాహరించిన భాగాలను లెక్కలోంచి తీసేయాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. కానీ మనం పద్యాన్ని పక్కకు జరిపి విడిగా వేస్తాం, కొటేషన్ గుర్తులు పెట్టం. మాకు దొరికిన యంత్రానికి ఆ గుర్తులు లేనిదల్లా నకలే. పద్యాలకు గుర్తులు పెట్టించాక అంకె చాలా దిగింది.

పూర్తిగా దిగలేదు. ఒక అధ్యాయంలో మూలం చెప్పకుండా ఎత్తిన పేరాలు బయటపడ్డాయి. విద్యార్థి దాచాలనుకోలేదు, నోట్సులో రాసుకున్నది ఎవరి మాటో మరిచిపోయాడు. తిరగరాశాడు. నన్ను కలతపెట్టింది ఇదే. ఆ సున్నా నిలిచి ఉంటే ఆ పేరాలు నా సంతకంతో సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలోకి వెళ్లేవి. అక్కడ ఆ గ్రంథంలో ఒక్క తెలుగు మాట వెతికినా దొరికేది కాదు. రేపు దానిలోంచి ఎవరైనా ఎత్తి రాసినా ఏ పరీక్షకూ అందేది కాదు. తెలుగు పరిశోధనకు ఇంతకన్నా నష్టం ఏముంటుంది?

తోటి పర్యవేక్షకులకు నా విన్నపం. మొదటి అధ్యాయం నుంచే యూనికోడ్‌లో టైపు చేయించండి. వీలైతే పరీక్షకు పీడీఎఫ్ కాకుండా వర్డ్ ఫైలు ఇవ్వండి. యూనికోడ్‌లో ఉన్నా పీడీఎఫ్‌లోంచి లాగేటప్పుడు సంయుక్తాక్షరాలు చెదిరిపోవచ్చు. సంతకానికి ముందు ఒక పేరా నోట్‌ప్యాడ్‌లో పెట్టి చదవండి. అక్కడ తెలుగు కనిపించాకే శాతం వైపు చూడండి.