దర్వాజా చెక్కకు ఏ పాలిష్?

గిటార్ చేయడమే ముష్కిల్ అనుకున్నాం గాని, అది అయిపోయాక దానికి ఏ పాలిష్ పెట్టాలన్న దగ్గర అసలు బహస్ షురూ అయింది మా ఇంట్లో.

మా చిన్నోడికి ఎలక్ట్రిక్ గిటార్ షౌక్. కొనుక్కుంటే ఏం మజా, నా చేతుల్తో నేనే చేసుకుంటానని జిద్దు. మంచి చెక్క కోసం సా మిల్లుల చుట్టూ తిరుగుతుంటే మా అబ్బానే అటక వైపు చూపించాడు. వరంగల్‌లో మా దాదీ ఇల్లు తీసేసినప్పుడు దాచిన టేకు దర్వాజా ఉంది దాని మీద. ఇరవై ఏళ్ల నుంచి అట్లే పడి ఉంది. సంగీతం సంగతి మన ఇళ్లల్లో తెలిసిందే కదా. అబ్బాకు ఈ గిటార్ యవ్వారమే పసంద్ లేదు. అయినా చెక్క ఇచ్చాడు. ఎందుకని నేనూ అడగలేదు.

నాలుగు ముక్కలు కోసి, ఫెవికాల్ పెట్టి బిగిస్తే పదమూడు అంగుళాల వెడల్పు వచ్చింది. మందం 45 మిల్లీమీటర్లు. ఆకారం కోశాక ముందు వైపు ఒక నల్ల మచ్చ బయటపడింది. కుండీ మేకు దిగిన చోటు అది. ఇనుము తడితో కలిసి తాకిన టేకు అట్లా నల్లబడుతుంది, ఎంత రేగ్మాల్ రుద్దినా పోదు. చిన్నోడికి అది ఐబు. అబ్బాకు అది వాళ్ల అమ్మీ రోజూ ఇషా తర్వాత పెట్టిన గొళ్లెం.

"నల్ల డ్యూకో కొట్టేస్తే సరి నానా, ఏమీ కనపడదు" అన్నాడు చిన్నోడు.

"లక్డీకు బుర్ఖా కాయ్కు రే?" అన్నాడు అబ్బా. నేను పొయ్యి కాడ ఉండి నవ్వాపుకోలేకపోయాను.

డ్యూకో అన్న మాట మన వడ్రంగులందరి నోట్లో ఉంది. అది అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920లలో కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్ పేరు. అంతకుముందు కారు రంగు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది. 1950లలో లియో ఫెండర్ తన గిటార్లకు ఆ కార్ల రంగులనే వాడాడు. ఆ లాకర్‌లో ఒక ఖూబీ ఉంది. థిన్నర్ ఆవిరై ఆరుతుంది కాబట్టి కొత్త కోటు పాత కోటును కరిగించి దాంట్లో కలిసిపోతుంది, మరమ్మతు ఆసాన్. కానీ ఏళ్లు గడిస్తే పసుపెక్కుతుంది, ఎండకూ చలికీ పగుళ్లు తీస్తుంది. ముసురు రోజున కొడితే తేమ పట్టి తెల్లగా మబ్బేస్తుంది. పాత గిటార్ల మీద ఆ పగుళ్లనే జనం లక్షలు పోసి కొంటున్నారట. తౌబా!

ఇక పీయూ. దుకాణంలో ముందు అదే చూపిస్తారు. అద్దం లాంటి చమక్, గీత పడదు. రెండు డబ్బాలు కలిపి గన్‌తో కొట్టాలి. ఆ రెండో డబ్బాలో, హార్డెనర్‌లో, ఐసోసయనేట్ ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా తెస్తుంది. మామూలు మాస్కు దానికి చాలదు. మా అబ్బా హైదరాబాదు కార్ఖానాల్లో నలభై ఏళ్లు గన్ పట్టాడు, ముక్కుకు రుమాలు కట్టుకుని. ఇప్పుడు ఆరు మెట్లెక్కితే దమ్ము ఆడదు. అందుకే ఈ విషయంలో నా షరతు ఒక్కటే: గన్ ఈ ఇంటి ఆంగన్‌లోకి రాదు. రంగు నల్లదా తెల్లదా అన్నది మీరిద్దరూ తేల్చుకోండి అన్నాను. గన్ పోతే నల్ల డ్యూకో కూడా పోయినట్టేనని చిన్నోడికి ఆ మాటతోనే అర్థమైంది. రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు.

అవిసె నూనె పెడదామా అన్నాను. గుడ్డతో రుద్దితే చాలు, చెక్క వెచ్చగా కనపడుతుంది. అబ్బా ఒప్పుకోలేదు. టేకులో తన నూనె తనకుంది, పైనుంచి ఇంకో నూనె ఎప్పటికి ఆరాలి? పైగా ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో వేయాలి.

మిగిలింది చపడా. లక్క. మన మోదుగ, రేగు చెట్ల మీద పురుగు పెట్టే బంక. గ్రామఫోను ప్లేట్లు దాంతోనే చేసేవాళ్లు, మందు బిళ్లల మీద మెరుపు కూడా అదే. స్పిరిట్‌లో కరిగించి దూది పొట్లీతో రుద్దడం అబ్బా మొట్టమొదట నేర్చుకున్న హునర్. కానీ చెమటకు నిలవదు. గిటార్ మీద గంటలకొద్దీ మోచెయ్యి ఆనుతుంది. ఆ మాట అబ్బానే అన్నాడు.

"బ్రయాన్ మే కూడా ఇట్లనే చేశాడు నానా" అంటూ చిన్నోడు ఫోన్ చూపించాడు. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు. 1963లో వాళ్ల నాన్నతో కలిసి ఇంట్లో గిటార్ మొదలుపెట్టాడు. మెడ భాగం పాత ఫైర్‌ప్లేస్ చెక్క, పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. దానికి పెట్టింది రస్టిన్స్ ప్లాస్టిక్ కోటింగ్. అబ్బా ఫోన్ దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "అగ్గిపుల్ల అఛ్ఛా హై" అన్నాడు. అంతే.

(మందం పాలిష్ వేస్తే ఆవాజ్ చచ్చిపోతుందని కొందరంటారు. గుల్ల గిటార్‌కు సరే. ఇది గట్టి పలక. తీగ కదిలితే అయస్కాంతం చుట్టిన రాగి తీగలో కరెంటు పుడుతుంది, వినపడేది అదే. పాలిష్ తేడా చెవి కన్నా చేతికే ఎక్కువ తెలుస్తుందని నా ఖయాల్.)

చివరికి ఇద్దరూ కలిసి దారి తీశారు. కింద చపడా, పైన గుడ్డతో రుద్దే ఒకే డబ్బా పాలీయురెథేన్ వార్నిష్, టర్పెంటైన్‌తో పల్చన చేసి. చపడాలో మైనం ఉంటే పై వార్నిష్ సరిగా పట్టదు. అందుకని అబ్బా సీసాను రెండు రోజులు కదపకుండా పెట్టి, అడుగున మైనం పేరుకున్నాక పై తేటను మాత్రం మెల్లగా వంచాడు. కుర్చీలో కూర్చుని పొట్లీ ఎట్లా తిప్పాలో చూపించాడు. తిప్పింది చిన్నోడు. నాలుగో చుట్టుకు ఆగలేక పొట్లీ తనే లాక్కున్నాడు. వణికే చెయ్యి ఆ చెక్క మీదకొచ్చేసరికి మెత్తగా సాగిపోయింది. వార్నిష్ పెట్టేటప్పుడు మాత్రం ఆయన్ని లోపలి గదిలో కూర్చోబెట్టాను, కిటికీలోంచే హుకుంలు.

నల్ల షౌక్ ఊరికే పోలేదు. ముందు వైపు బిగించే ప్లాస్టిక్ పలక నల్లది తెప్పించుకున్నాడు. కుండీ మచ్చ దాని కిందికి పోకుండా అంచు ఎట్లా కోయాలో మాత్రం అబ్బానే పెన్సిల్‌తో గీశాడు.

ఇప్పుడది ఆంగన్‌లో తీగకు వేలాడుతోంది. వార్నిష్ పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడడానికి వారాలు పడుతుంది. రోజూ ఫజర్ అయ్యాక అబ్బా వెళ్లి ముక్కు దగ్గర పెట్టి వాసన చూస్తాడు. వాసన ఉందంటే ఇంకా పచ్చిదే. వైర్లు పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు చిన్నోడు. ఈ రోజు పొద్దున కూడా అబ్బా తల అడ్డంగా ఊపాడు. "నక్కో, అభీ నక్కో."