పాత సామాను చూపించండి

మాది పావగడ తాలూకా. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, మూడు దిక్కులా ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇవన్నీ మీకు తెలిసిన సంగతులే. ఈసారి గోడపత్రికకు మా ఇంటి జీపు మీద రాస్తానంటే హాస్టల్లో నవ్వినారు. జీపు మీద వ్యాసమేంది, పండగ మీద రాయి అన్నారు. పండగ ఏడాదికి ఒకసారి వస్తుంది. మా జీపు రిపేరు నెలకొకసారి వస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది 1994 మోడల్ మహీంద్రా ఎంఎం 540. నాయన 2006లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి విల్లీస్ కంపెనీ చేసిన జీపును మహీంద్రావాళ్ళు 1947 నుంచి మన దేశంలో బిగించి అమ్మడం మొదలుపెట్టారు. మా బండి ఆ వంశంలోదే. చెనిక్కాయ మూటలు, బోరు మోటార్లు, టమోటా బాక్సులు, పెళ్ళికి పోయే చుట్టాలు, ఇన్నింటినీ మోసింది. మా ఊరికీ తారు రోడ్డుకీ మధ్య ఒక వంక ఉంది. ఎండాకాలంలో అందులో ఇసుక, వానలొస్తే బురద. పావగడలో వానలు తక్కువే. కానీ వచ్చేటప్పుడు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక్కసారిగా వస్తాయి. ఆ రోజుల్లో ఆటో రాదు, కారు దిగదు. నాలుగు చక్రాలూ లాగే బండి అయితేనే దాటుతుంది. దీన్ని అమ్మేసి కొత్తది కొనరాదా అని అందరూ అంటారు. కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ బండి ధర విన్నాక మళ్ళీ అడగరు.

ఇక షెడ్డు సంగతి. నాయన బెంగళూరులో పనికి పోయినప్పటి నుంచి బండి నడిపేది చిన్నమామ, డబ్బు ఇచ్చేది అమ్మ, సెలవుల్లో షెడ్డు ముందర స్టూలు మీద కూర్చుని కాపలా కాసేది నేను. చలికాలం పొద్దున్నే స్టార్ట్ కాదు. డీజిల్ ఇంజన్ కదా, నాలుగు సిలిండర్లకు నాలుగు హీటరు ప్లగ్గులుంటాయి. రెండు పోతే చాలు, ఇంటిల్లిపాదీ తోయాల్సిందే. కమాన్ కట్టలు విరుగుతాయి. రేడియేటరు కారుతుంది. ఏ చిన్న సామాను కావాలన్నా "బెంగళూరు జె.సి. రోడ్డు నుంచి రావాల" అంటారు. అది బస్సులో పార్సిల్‌గా వస్తుంది. వచ్చినాక చూస్తే సైజు వేరే ఉంటుంది. మళ్ళీ లేత్ మిషన్ దగ్గరికి పరుగు. "ఎప్పుడిస్తావప్పా?" అని అమ్మ అడిగితే "రేపక్కా" అంటాడు మెకానిక్. వ్యాకరణం క్లాసులో భవిష్యత్ కాలం చెప్పినప్పుడల్లా నాకు ఆ 'రేపు' గుర్తొస్తుంది. కాలం ఉంది, తేదీ లేదు.

ఆయన కష్టం కూడా చెప్పాలి. తిరుమణి వైపు 2050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చినాక షెడ్డుకు కాంట్రాక్టర్ల కొత్త బండ్లు వస్తున్నాయి. వాటి సామాను వెంటనే దొరుకుతుంది, డబ్బు వెంటనే వస్తుంది. మా జీపు కింద దూరితే ఒక పూట పోతుంది, తుప్పు పట్టిన నట్టు విప్పడానికే గంట పడుతుంది. పైగా జీపుల ఓనర్లు చాలామంది "ఎట్లో ఒకట్ల నడిచేటట్లు చేయి" అంటారే గానీ సరిగ్గా చేయమనరు. ఆయనకు అదే అలవాటు అయ్యింది.

ఖర్చు షెడ్డుతో ఆగదు. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. తర్వాత అయిదేళ్ళకొకసారి బండి చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. కారు, జీపులకు ఆ ఫీజు ఇంతకుముందు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. 2024లో మాకు ఆ వంతు వచ్చింది. బ్రేకులు, లైట్లు, పెయింటు, ఇన్సూరెన్సు అన్నీ కలిపితే అమ్మ రెండు మేకల్ని అమ్మాల్సి వచ్చింది.

ఇంత ఖర్చు పెట్టిన బండి అవసరానికి ఆదుకోవాలి కదా. అసలు చెప్పాల్సింది ఇక్కడే ఉంది.

ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఏమిటో ముందు చెప్తాను. మామూలుగా మా జీపులో వెనక చక్రాలే లాగుతాయి. గేరు బాక్సు వెనకే ఇంకో పెట్టె ఉంటుంది. దాన్నుంచి రెండు ఇనుప షాఫ్టులు, ఒకటి వెనక్కి, ఒకటి ముందుకి పోతాయి. వాటిని ప్రొపెల్లర్ షాఫ్టులంటారు. గేరు రాడ్ పక్కనున్న చిన్న రాడ్ వేస్తే ముందు చక్రాలకూ బలం అందుతుంది. తారు రోడ్డు మీద అది వేయకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి, గట్టి నేల మీద జారడానికి వీలుండదు కాబట్టి గేర్లు బిగుసుకుపోతాయి. ఇసుకలో, బురదలో మాత్రమే వేయాలి. అందుకని ఆ రాడ్ నెలల తరబడి ఎవరూ ముట్టుకోరు. అది పనిచేస్తుందో లేదో కూడా అవసరం వచ్చేదాకా తెలియదు.

పోయిన అక్టోబరులో ఒక రాత్రి మా అవ్వకు ఉబ్బసం ఎక్కువైంది. బయట వాన. మామ జీపు తీసినాడు. వంకలో దిగినాక చిన్న రాడ్ వేసినాడు. రాడ్ పడింది. బండి మాత్రం కదల్లేదు. వెనక చక్రాలు గుంత తవ్వుకుంటా కిందికి దిగిపోతున్నాయి. నేను టార్చి పట్టుకుని ముందుకు పోయి చూస్తే ముందు చక్రాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి. అవ్వ ఊపిరి ఈల మాదిరి వినిపిస్తా ఉంది. మామ ఊర్లోకి నడిచిపోయి ట్రాక్టరు తెచ్చేసరికి గంటన్నర. అవ్వ బతికింది. పావగడ ఆసుపత్రిలో మాస్కు పెట్టినాక తెల్లారేసరికి తేరుకుంది. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో అమ్మ ఈ రోజుకీ మాట్లాడదు.

మరుసటి రోజు మామ బండి కింద పడుకుని చూసినాడు. ముందు షాఫ్టు లేదు. విరిగిపోలేదు, అసలు లేదు.

అమ్మ నన్ను తీసుకుని షెడ్డుకు పోయింది. మెకానిక్ దాచలేదు. "జూన్లో క్రాస్ పోయి సౌండ్ చేస్తా ఉండె. దొరకలేదు. తీసి పక్కన పెట్టినామక్కా. మీకేం పని దాంతో? డీజిల్ కూడా మిగుల్తాది" అన్నాడు. జూన్ బిల్లులో మాత్రం 'జాయింట్ పని' అని 1,800 రాసుంది. అమ్మ అడుగుతా ఉంటే ఆయన జవాబు అమ్మకు చెప్పలేదు. పక్కనే నిలబడిన మా తమ్ముడికి చెప్పినాడు. వాడికి పన్నెండేళ్ళు. వాడికి క్రాస్ అంటే క్రికెట్ బ్యాటు పట్టుకోవడమే తెలుసు. అమ్మ వాడిని వెనక్కి జరిపి, "బండి కాగితాలు నా దగ్గరుండాయి, డబ్బు నేనిస్తా ఉండా, నాకు చెప్పప్పా" అనింది. గొంతు పెంచలేదు. షెడ్డులో పానాల చప్పుడు ఆగిపోయింది.

ఆ షాఫ్టు మూలన గుజిరీ సామాన్ల కింద దొరికింది. కొత్త క్రాస్‌లు వేసి బిగించడానికి పది రోజులు పట్టింది. బిగించినాక అమ్మ డబ్బు వెంటనే ఇవ్వలేదు. వంక దాకా తీసుకుపోయి ఇసుకలో నడిపించి, ముందు చక్రాలు తిరగడం కళ్ళారా చూసి ఇచ్చింది.

అప్పటి నుంచి మా ఇంట్లో జీపుకు ఒక నోటు బుక్కు ఉంది. రాసేది నేను, చెప్పేది అమ్మ. తేదీ, ఏ పని చేసినారు, ఏ సామాను వేసినారు, ఎంత అయింది. మార్చిన ప్రతి పాత సామానూ చేతికి ఇవ్వాలి. ఇవ్వకపోతే మార్చలేదని లెక్క. ఏదైనా తీసేస్తే ఆ మాట నోటితో చెప్పాలి, బిల్లులో రాయాలి. మొదట్లో మెకానిక్ ముఖం మాడ్చుకున్నాడు. ఇప్పుడు మేము పోతే ఆయనే పాత ప్లగ్గు చూపించి, "ఇదిగో అక్కా, కొన కాలిపోయింది చూడు" అంటున్నాడు. బిల్లు తగ్గలేదు. 'రేపు' కూడా మారలేదు. కానీ బండిలో ఏముందో, ఏం లేదో మాకు తెలుసు.

మీలో చాలామంది ఇళ్ళలో స్కూటీ, మోటారు, గ్రైండరు, ఏదో ఒకటి రిపేరుకు పోతూనే ఉంటుంది. అది తెలుసుకోవడం మగవాళ్ళ పని అని షెడ్డులో అనుకుంటారు, మనం కూడా ఒప్పుకుని దూరంగా నిలబడతాం. దగ్గరికి పోండి. ఏం తీసినారు, ఏం పెట్టినారు అని అడగండి. పాత సామాను చూపించమనండి. అది అడగడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. మా అమ్మ ఏడో తరగతి.