టే నదిలో సాల్మను పోరు

స్కాట్లండులో పెర్తు పట్టణానికి ఎగువన, కాపుత్ దగ్గర టే నది ఒడ్డున ఒక సాయంత్రం గడిపాను. మన పులసలాగే సాల్మను కూడా సముద్రంలో బలిసి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. నదిలో మేత ముట్టదు. అయినా గాలాన్ని ఎందుకు అందుకుంటుందో దానికే తెలియాలి!

ఇక్కడే 1922 అక్టోబరు 7న జార్జీనా బాలంటైన్ అనే ఆమె, తండ్రి పడవ నడుపుతుండగా, రెండు గంటలకు పైగా పోరాడి 64 పౌన్ల సాల్మనును పట్టింది. బ్రిటనులో గాలానికి చిక్కినవాటిలో నేటికీ అదే పెద్దది.

నేను చూస్తుండగానే ఒక పెద్దాయన గాలానికి చేప తగిలింది. మొదట రాయిలా కదల్లేదు. అంతలో ఒక్క పరుగు! రీలు గిర్రున తిరిగింది. చేప నిలువునా పైకెగిరింది. ఆయన చప్పున కర్ర కొన దించాడు. తాడు బిగువుగా ఉంటే ఆ బరువుకు తెగుతుందట. తరువాత అది అలిగినట్టు అడుగున బైఠాయించింది. ఆయన దిగువకు నడిచి, అక్కణ్ణించి లాగాడు. ఇక తాడుతోనూ, ప్రవాహంతోనూ పెనుగులాడలేక, అరగంటకు పక్కకు ఒరిగింది.

తీరా చూస్తే, ఆయన నీళ్ళలోనే గాలం ఊడదీసి, చేపను ఎగువకు తిప్పి పట్టుకున్నాడు! పుస్తెలమ్మైనా పులస తినాలనే సీమవాణ్ణి, ఉండబట్టలేక అడిగాను.

"మా మనమలకూ చేప ఉండాలి కదండీ!" అన్నాడాయన.

2023లో బ్రిటను సాల్మను అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది.

ఊపిరి కూడదీసుకుని, చేప తోక ఝాడించింది. వెళ్ళింది ఎగువకే!