పాస్‌పోర్టు మునిగింది, మనిషి తేలాడు

రాజంపేటోళ్లకు సముద్రంతో పెద్దగా పరిచయం ఉండదు. రాపూరు ఘాట్ దిగి, నెల్లూరు దాటి మైపాడు బీచ్‌కు పోతాం. మోకాళ్ల దాకా తడిసి, నాలుగు ఫొటోలు దిగి తిరిగొస్తాం. మాకు నీళ్లంటే చెయ్యేరు. ఏడాదిలో ఎక్కువ రోజులు అదీ ఇసుకే. కానీ 2021 నవంబరు 19న తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు మీద పడ్డాక నీళ్లంటే ఏందో మాకు బాగా తెలిసొచ్చింది.

అందుకే నేనూ బావా థాయ్‌లాండ్‌లో స్కూబా డైవింగ్‌కు పోతాండామంటే మా అమ్మ ఒకటే మాట అంది: "డబ్బులిచ్చి మునిగేదేందిరా?"

బావ పన్నెండేళ్లుగా కువైట్‌లో హౌస్ డ్రైవర్. మా వైపు ఏ వీధికి పోయినా ఒక కువైట్ ఇల్లు ఉంటుంది, ఆ సంగతి మీకూ తెలిసిందే. ఆయన చూసిన విదేశం అదొక్కటే, అదీ స్టీరింగ్ వెనక నుంచి. ఈసారి నలభై రోజుల లీవులో వచ్చాడు. బెంగళూరులో నాకు బోనస్ పడింది. "ఒక్కసారన్నా వెనక సీట్లో కూర్చో బావా" అని ఫుకెట్‌కు టికెట్లు తీశాను.

చలోంగ్ రేవు నుంచి రాచా యాయ్ దీవికి డైవ్ బోటు. కొత్తవాళ్లకు గరిష్ఠంగా 12 మీటర్ల లోతు, పక్కనే ఇన్‌స్ట్రక్టర్. నీళ్లలో 10 మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. అందుకే ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదుతూ చెవుల బరువు దింపుకోవాలి. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకూడదు. పైకి వచ్చేకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, బిగబడితే అవి దెబ్బతింటాయి. ఇదంతా ముందే నేర్పించారు. రెండు డైవ్‌లు చేశాం. పైకొచ్చిన బావ ముఖం చూడాలి, పెళ్లిరోజు కూడా అంత వెలగలేదు.

గొడవంతా తిరుగు ప్రయాణంలో మొదలైంది. ఇంజిన్ ఆగింది. డీజిల్ వాసన. కింద ఇంజిన్ గదిలోకి నీళ్లు వస్తున్నాయని పనివాళ్ల అరుపులను బట్టి అర్థమైంది. లైఫ్ జాకెట్లు పంచారు. కాసేపటికి బోటు ఒక పక్కకు ఒరగడం మొదలైంది. దగ్గర్లో పోతున్న ఇంకో బోటు వచ్చి ఆనుకుంది. "బ్యాగులు వదిలేయండి, తర్వాత తెస్తాం" అన్నారు. ఒక్కొక్కరం దూకాం.

అవతలి బోటు కదలబోతుంటే బావ పెద్దగా అరిచాడు: "ఆపండి! ఒకరు తక్కువ!"

పొద్దున ఎక్కినప్పుడు ఆయన అందరినీ లెక్కపెట్టాడు. కఫీల్ పిల్లలను రోజూ స్కూలు గేటు దగ్గర లెక్కపెట్టి కారెక్కించే అలవాటు. పొద్దున ఇరవై రెండు, ఇప్పుడు ఇరవై ఒకటి. వాంతులతో నీరసపడిన ఒక పెద్దాయన ముందు గదిలో పడుకుండిపోయాడు. పనివాళ్లు మళ్లీ పోయి భుజాల మీద మోసుకొచ్చారు. ఆ తర్వాత ఎంతోసేపు పట్టలేదు, మేం వచ్చిన బోటు సగం నీళ్లలోకి పోయింది.

తల లెక్క, లైఫ్ జాకెట్ చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగినప్పుడు ప్రాణాలతో బయటపడ్డవాళ్లలో ఎక్కువమందిని కాపాడింది లైఫ్ జాకెట్లూ, పడవలేసుకుని వచ్చిన ఊరి జనమూ. అంతకు ముందు ఏడాది, 2018 జులై 5న, ఇదే ఫుకెట్ దగ్గర తుఫాను గాలిలో టూరిస్టు బోటు మునిగి 47 మంది పోయారు. 2019లోనే కాలిఫోర్నియా తీరంలో ఒక డైవ్ బోటు రాత్రిపూట కాలిపోతే, కింద నిద్రపోతున్న 33 మంది ప్రయాణికుల్లో ఒక్కరూ బతకలేదు. రాత్రి మేలుకుని కాపలా కాసే మనిషిని పెట్టలేదు. కాబట్టి బోటు ఎక్కేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: జాకెట్లు ఎక్కడ, బయటికి దారి ఏది, రాత్రయితే ఎవరు మేలుకుంటారు? నవ్వితే నవ్వనీయండి.

రేవుకు చేరాక ముందు అక్కకు ఫోన్ చేశాను. "ఇద్దరం బాగున్నాం" అన్నాకే బోటు సంగతి ఎత్తాను. ఆ వరస ముఖ్యం. "బోటు మునిగింది" అని మొదలుపెడితే తర్వాతి మాటలు అవతలివాళ్ల చెవిన పడవు.

అప్పుడు తెలిసింది, బావ నడుముకు కట్టుకునే పౌచ్ ఆ బోటుతోనే పోయిందని. అందులో పాస్‌పోర్టు. హోటల్ లాకర్లో పెట్టలేదేమని మీరడగొచ్చు. కువైట్‌లో అది ఏళ్ల తరబడి కఫీల్ బీరువాలోనే ఉంటుంది. లీవుకు వచ్చినప్పుడే చేతికందుతుంది. చేతికొచ్చాక బావ దాన్ని ఇంకో తలుపు వెనక పెట్టడు. డైవ్‌కు దిగేటప్పుడు మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుట్టి బోటులో పెట్టాడు.

ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. "ఉద్యోగం పాయె" అన్నాడు. లీవు ఇంకా పన్నెండు రోజులే ఉంది. అక్క పేరుమీద ఇంటి లోను ఉంది.

ఇలాంటప్పుడు పెద్ద ఆలోచనలు పనికిరావు. తర్వాతి పని ఏంది, అదొక్కటే చూడాలి. థాయ్‌లాండ్ టూరిస్ట్ పోలీసు నంబరు 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. అంబులెన్స్‌కు 1669. పోలీసు రిపోర్టు రాయించాం. డాక్టరు చూసి, ఒకటికి మించి డైవ్‌లు చేశారు కాబట్టి కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దన్నాడు. లోతులో ఒంట్లోకి చేరిన నైట్రోజన్ పైన గాలి పలచబడ్డప్పుడు బుడగలు కడుతుంది. కీళ్లనొప్పులు, తిమ్మిరి, మితిమీరిన అలసట వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

రాత్రి బస్సు పట్టుకుని బ్యాంకాక్ పోయాం. అక్కడి మన ఎంబసీలో ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఇండియాకు తిరిగి రావడానికి ఒక్కసారి మాత్రమే పనికొచ్చే కాగితం. పోలీసు రిపోర్టు, ఫొటోలు, పాత పాస్‌పోర్టు కాపీ కావాలి. ఆ కాపీని అక్క రెండు నిమిషాల్లో వాట్సాప్‌లో పంపింది. ఇంట్లో ఒకరి ఫోన్లో మీ పాస్‌పోర్టు స్కాన్ ఉండటం ఎంత ఊరటో అప్పుడు తెలిసింది. ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. చాలా ట్రావెల్ పాలసీల్లో డైవింగ్ లాంటి సాహసాలు విడిగా చేర్చుకుంటేనే వర్తిస్తాయి.

కఫీల్‌కు ఫోన్ చేసేటప్పుడు బావ చెయ్యి వణికింది. ఆయన అంతా విని, ముందు ఆరోగ్యం అడిగాడట. లీవు పొడిగించాడు. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో కొత్తదానికి అప్లై చేశాం. తిరగాల్సినంత తిరిగాం, వచ్చింది.

కాగితాలకు ఒక దారి ఉంది. భయానికి అలాంటి కౌంటర్ లేదు. ఇంటికొచ్చాక బావ మాట్లాడటం తగ్గించాడు. రాత్రి బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వినపడినా లేచి కూర్చునేవాడు. "ఏం కాలేదుగా, మర్చిపో" అని అందరం చెప్పేవాళ్లం. ఆయన తలూపేవాడు, అంతే.

పులపత్తూరులో ఉండే మా మేనత్త చూడటానికి వచ్చింది. వరదలో ఇల్లు పోగొట్టుకున్న మనిషి. వస్తూనే బావ పక్కన కూర్చుని, "వాన శబ్దం వింటే నాకింకా నిద్ర పట్టదు నాయనా" అంది. కట్ట తెగిన రోజు మేడ మీదికి ఎట్లా ఎక్కిందీ, గొడ్లు ఎట్లా కొట్టుకుపోయిందీ, మాకు వందసార్లు చెప్పిందే మళ్లీ మొదట్నుంచి చెప్పింది. అయ్యాక, "ఇంగ నువ్ జెప్పు" అంది.

బావ చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. డీజిల్ వాసన దగ్గర్నుంచి. ఇరవై ఒకటి దగ్గర ఆగి ఏడ్చాడు. "లెక్కపెట్టకుండా ఉంటే ఆ పెద్దాయన ఏమైపోయేవాడు?" ఇన్ని రోజులూ ఆయన్ను తింటున్నది పాస్‌పోర్టు కాదు, ఇది.

"ఒగసారి జెప్తే పోదు. పదిమందికి జెప్పు" అంది అత్త. నీళ్లలోంచి బయటపడ్డవాళ్లు మీ ఇంట్లో ఉంటే, మర్చిపోమనకండి. పక్కన కూర్చుని అడగండి. వారాలు గడిచినా నిద్ర రాకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, అందులో సిగ్గేమీ లేదు.

బావ ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు. శుక్రవారం సెలవు రోజున రూములో మనోళ్లందరికీ ఆ కథ చెప్తాడట. అందులో అలల ఎత్తు నెలనెలా పెరుగుతోంది. అక్క వీడియో కాల్‌లో వింటూ, పోనీలే అని నవ్వుకుంటుంది.