మంజీర ఒడ్డున గోదావరి బొగ్గు

మనూర్ మండలాన్ని ఆనుకొని మంజీర పారుతున్నది. అయినా ఆ ఒడ్డున చెరుకుకు నీరు తోడే మోటారును తిప్పేది మంజీర కాదు. చాలావరకు అది గోదావరి లోయలో భూగర్భం నుండి తీసిన బొగ్గు. సింగూరు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 15 మెగావాట్లు, దిగువన నిజాంసాగర్‌ది 10. రామగుండంలోని ఎన్టీపీసీ బొగ్గు కేంద్రం ఒక్కటే 2,600. మన నది శక్తి అందులో నూరోవంతు కూడా లేదు!

ఈ బంధం నేటిది కాదు. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. నిజాం కాలంలోనే, 1920లో, హుస్సేన్‌సాగర్ తీరాన థర్మల్ కేంద్రం వెలసింది. తరువాత కొత్తగూడెం, ఆపైన రామగుండం వచ్చాయి. హుస్సేన్‌సాగర్ కేంద్రాన్ని 1995లో తొలగించారు. కొత్తగూడెం పాత యూనిట్ల శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టులో కూల్చివేశారు. కూలినవి కట్టడాలే గాని అలవాటు కాదు. మణుగూరు వద్ద 1,080 మెగావాట్ల భద్రాద్రి, దామరచర్ల వద్ద 4,000 మెగావాట్లకు తలపెట్టిన యాదాద్రి ఆ తరువాతి తరం కేంద్రాలు.

దీనిని ఉత్త దురాశ అని తోసిపుచ్చడానికి నాకు మనసొప్పదు. కరవు వచ్చిన ఏడాది నదిలో నీరుండదు గనుక జలవిద్యుత్తు తగ్గుతుంది. సరిగ్గా ఆ ఏడాదే బోరు మోటార్లు ఎక్కువసేపు తిరగాలి. 2015-16లో సింగూరు ఎండిపోయినప్పుడు ఈ చిక్కు కళ్లారా చూశాము. అప్పుడు ఆదుకోగలిగింది బొగ్గే. రాత్రి వంతు కరెంటు కోసం టార్చిలైటు పట్టుకొని పొలానికి వెళ్లినవాడు తిరిగి వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ కునుకు పట్టని రోజులు మా వైపు అందరికీ గుర్తే. పాము భయం ఒకవైపు, తడి చేత్తో స్టార్టరు ముట్టుకునే భయం మరొకవైపు. 2018 జనవరి 1న వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలైనప్పుడు ఆ ఇళ్లలో కలిగిన ఊరటను తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు.

అయితే 2004 నుండి వ్యవసాయ విద్యుత్తు ఉచితం కదా, మోటారుకు బిల్లు రాదు. రానంత మాత్రాన ఖర్చు లేకపోలేదు. ఆ బిల్లు పాల్వంచ, రామగుండం పరిసరాల్లో బూడిదై ఇళ్ల కప్పుల మీద వాలుతుంది. ఓపెన్‌కాస్టు గనుల కింద పొలాలు పోయినవారి పేరు మీద వస్తుంది. మనకు నీళ్లు, వారికి బూడిద. ఈ పంపకం గురించి మన పల్లెల్లో ఎవరమూ మాట్లాడుకోము, ఎందుకంటే ఆ పొగ మనకు కనబడదు.

దారి లేదా అంటే, కొంత ఉంది. పైరుకు నీరు పగలు పెట్టవచ్చు, ఎండ కూడా పగలే కాస్తుంది. పగటి సౌరశక్తితో తోడిన నీటిని తొట్టిలో నిలవచేస్తే బ్యాటరీతో పని లేదు. రామగుండం జలాశయం మీదనే 2022లో 100 మెగావాట్ల తేలియాడే సౌరకేంద్రం పూర్తయింది. రాత్రి దీపాలకు, కర్మాగారాలకు ఇంకా చాలాకాలం బొగ్గు తప్పకపోవచ్చు. కనీసం పగటి మోటారును ఆ బూడిద నుండి విడదీయగలిగితే, ఎన్నడూ చూడని ఆ ఊళ్లకు మనం పడిన బాకీలో కొంతైనా తీర్చినవాళ్లమవుతాము.

మీ ఊరి మోటారు ఎవరి బొగ్గుతో తిరుగుతున్నదో మీరెప్పుడైనా ఆరా తీశారా?